బాలింతకు మంచినీళ్ళు లెక్కపెట్టి ఇవ్వాలా? పథ్యం మీద ఒక చర్చ

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మా చెల్లికి పెద్దాపరేషన్ అయి 12 రోజులు. మరిది వాళ్ళింట్లో పెద్దవాళ్ళు లేరని మా ఇంటికే తీసుకొచ్చాం. పథ్యం సంగతి చూడడానికి అమ్మ టెక్కలి నుంచి దిగింది. కిటికీలో చిన్న స్టీలు గ్లాసు ఒకటి పెట్టింది, నాన్న కాఫీ తాగే గ్లాసు. దాంతో పొద్దున ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి, రాత్రి ఒకసారి కాచిన నీళ్ళు. ఇంకొంచెం ఇమ్మంటే "ఒళ్ళు నీరు పడుతుంది, పొట్ట జారిపోతుంది" అంటుంది. పప్పు పెడితే కుట్లు చీము పడతాయట. గుడ్డు వేడి, పెరుగు జలుబు. రెండు పూటలా పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. అంతే.

నాలుగు రోజులుగా దానికి విరేచనం కాలేదు. ముక్కితే కుట్లు లాగుతున్నాయని బాత్రూంలోనే కూర్చుని ఏడుస్తోంది. పిల్లాడికి పాలు చాలడం లేదని అమ్మే డబ్బా పాలు తెమ్మంటోంది. నీళ్ళు ఆపింది తనే, పాలు చాలవంటోందీ తనే! పక్కింటి ఒడియా వాళ్ళకు ఏకోయిశియా, మనకు బారసాల, రెండూ 21వ రోజే. తమాషా ఏమిటంటే వాళ్ళింట్లోనూ నీళ్ళ మీద ఇదే కాపలా. ఈ పథ్యాన్ని మొత్తం తీసి అవతల పారేస్తే తప్పేంటి?

గుణుపురం పిన్ని:
పారెయ్యడం తేలికేనమ్మా. నాకు ముగ్గురు పిల్లలు, ముగ్గురికీ మూడేసి నెలలు పథ్యం చేశాను. ఆ మూడు నెలలూ చీపురు పట్టలేదు, నూతిలో చేద వెయ్యలేదు. రోజూ నువ్వుల నూనె రుద్ది, వేడినీళ్ళు పోసి, నడుంకట్టు కట్టి పడుకోబెట్టేవారు. "బాలింత" అన్న ఒక్క మాట అడ్డం పెట్టుకుని ఇంటి కోడలు మంచం మీద కూర్చుని తినగలిగింది ఆ రోజుల్లోనే. మీరు పథ్యాన్ని మూఢనమ్మకం అని తీసేస్తే, పదో రోజుకల్లా పొయ్యి దగ్గర నిలబెడతారు. మా కోడలికి అదే అయింది. వాళ్ళ పుట్టింటివాళ్ళు "మాకు పట్టింపులు లేవు" అన్నారు. పట్టింపులు లేకపోతే పోనీ, సాయం కూడా లేదు.

నీళ్ళ మాట వేరు. అది నాకు అప్పుడూ నచ్చలేదు. మా అత్తగారు పడుకున్నాక పెరట్లో బిందె దగ్గరికి వెళ్ళి దొంగతనంగా తాగేదాన్ని.

బరంపురం భోజనప్రియుడు:
వెల్లుల్లి కారం, నెయ్యి, పైన పాలసొర చేప కూర కూడానా? ఇది శిక్ష అయితే నన్నూ బాలింతను చెయ్యండి.

మహేంద్రతనయ:
పాలసొర ఎక్కడిది బాబూ, ఆపరేషన్ అయినవాళ్ళకు నీచు కూడదట. మీరు 12 రోజులు రెండు పూటలా కారం అన్నం తిని, మూడు చిన్న గ్లాసుల నీళ్ళతో గడిపి, అప్పుడు చెప్పండి.

పిన్నిగారూ, మీ మాటలో సగం ఒప్పుకుంటాను. మా అమ్మ చెల్లిని ఒక్క గిన్నె కూడా కదపనివ్వదు, నిజమే. కానీ విశ్రాంతి ఇస్తున్నాం కదా అని దాహం వేస్తుంటే నీళ్ళు ఆపాలా?

సబ్‌సెంటర్ సిస్టర్ (గజపతి జిల్లా):
ఒక ఇంట్లో ఒడియా, పక్కింట్లో తెలుగు మాట్లాడుతూ పదిహేనేళ్ళుగా ఇదే పంచాయితీ తీరుస్తున్నాను. ముందు కుట్లు చూడండి. ఎర్రబడినా, చీము కారినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఇక్కడ చర్చ ఆపి ఆస్పత్రికి వెళ్ళండి. నాలుగు రోజులుగా విరేచనం కాలేదంటే అదీ డాక్టరుకు చెప్పాల్సిందే. పాలిచ్చే తల్లికి పనికొచ్చే మందు రాసిస్తారు.

పప్పు వల్ల చీము పట్టదు. చీము సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది. కుట్టు మానాలంటే మాంసకృత్తులు కావాలి, మనం వెతికి వెతికి ఆపేది వాటినే: పప్పు, గుడ్డు, చేప. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు మామూలు కంటే 600 కేలరీలు ఎక్కువ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంటే దాదాపు ఇంకో పూట భోజనం. మనం ఉన్న పూటల్లోనే కోత పెడుతున్నాం.

నీళ్ళ విషయంలో మహేంద్రతనయగారి లెక్క కూడా పూర్తిగా సరికాదు. బిందెడు తాగినంత మాత్రాన పాలు పెరగవు. పిల్లాడు ఎన్నిసార్లు చీకితే అంత పాలు పడతాయి. అలాగని దాహం వేస్తుంటే ఆపితే తల్లికి నీరసం, తలనొప్పి, ఇప్పుడు మీ చెల్లెలు పడుతున్న అవస్థ. దాహం వేసినప్పుడల్లా తాగనివ్వండి, లెక్క వద్దు. పిల్లాడు రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా ఉచ్చ పోస్తూ బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. డబ్బా జోలికి వెళ్ళే ముందు ఒకసారి బరువు తూయించండి.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే కడుపు మండేది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 64.3 శాతం మందికి రక్తహీనత. ఏరు దాటి పాతపట్నం వైపు వెళ్తే ఏదో బాగుంటుందనుకోకండి, ఆంధ్రలోనూ 58.8 శాతం. ఐరన్ మాత్రలు గర్భంతో ఉన్నప్పుడు 180 రోజులు, పురుడయ్యాక ఇంకో 180 రోజులు వేసుకోవాలి. రెండో 180 వేసుకునేవాళ్ళు నాకు బహు తక్కువగా కనిపిస్తారు. "వేడి చేస్తుంది" అని పథ్యంతోపాటే ఆపేస్తారు. మాత్రల వల్ల విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడొద్దు. గట్టిగా అయితే నీళ్ళు, ఆకుకూర పెంచండి, మాత్ర మానొద్దు. టీతో మింగకండి. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోండి.

శొంఠి, వాము, వెల్లుల్లి, నూనె రుద్దడం, వీటితో నాకు పేచీ లేదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటితో మాత్రం ఉంది. ఆ పొగలో కంటికి కనబడని విషవాయువు ఉంటుంది.

గుణుపురం పిన్ని:
కుంపటి పెట్టినప్పుడు మేం తలుపు ఓరగా తీసే ఉంచేవాళ్ళం సిస్టరుగారూ, మరీ అంత తెలివితక్కువ వాళ్ళం కాదు. మాత్రల సంగతి మాత్రం మంచిది చెప్పారు. మా కోడలు నల్లగా అవుతోందని భయపడి మూడో రోజుకే ఆపేసింది. ఆ ముక్క మాత్రలు ఇచ్చేటప్పుడే చెప్తే ఎవరి సొమ్ము పోయింది?

సబ్‌సెంటర్ సిస్టర్:
చెప్పాలి. రద్దీలో చెప్పం. ఆ తప్పు మాదే.

జైపూర్ నాన్న:
మీ గొడవ చూస్తే నవ్వొస్తోంది, కొంచెం కుళ్ళు కూడా. మాకు పథ్యం పెట్టేవాళ్ళూ లేరు, మానమనేవాళ్ళూ లేరు. ఉద్యోగం కోసం వచ్చిన ఊరు, అత్తగారు పక్షవాతంతో మంచాన ఉన్నారు. పగలు నేను డ్యూటీలో, మా ఆవిడ పిల్లతో ఒక్కతే. నేను పొద్దున్నే కుక్కర్ పెట్టి వెళ్తే సాయంత్రం దాకా మూత తీసి ఉండేది కాదు. తిండి సహించక కాదు, లేచి వడ్డించుకోవాలనిపించక. మూడో వారం దాటినా ఏడుపు ఆగలేదు, పిల్లను చూసినా పలకరింపు లేదు. దిష్టి అన్నారు, గాలి అన్నారు. చివరికి 14416కి ఫోన్ చేశాను, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, భాష ఎంచుకోవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళమని వాళ్ళే గట్టిగా చెప్పారు. మందులు వాడాక తేరుకుంది. మొదటి పది, పదిహేను రోజులు దిగులుగా ఉండడం చాలామందిలో ఉంటుందట. రెండు వారాలు దాటితే మాత్రం ఆగకూడదన్నారు. మీ చెల్లెలి ఏడుపు కుట్ల గురించేనా అని ఒకసారి కూర్చుని అడగండి అక్కా.

మహేంద్రతనయ:
అడిగాను తమ్ముడూ. కుట్ల గురించే, కొంత మరిది రెండే రెండుసార్లు వచ్చి చూశాడని. నిన్న అతన్ని పిలిపించాను.

ఆస్పత్రిలో కుట్లు బాగున్నాయన్నారు, మందు రాశారు, ఇవాళ పొద్దున దాని ప్రాణం కుదుటపడింది. పిల్లాడి బరువు పెరుగుతూనే ఉంది, డబ్బా మాట ఆగింది. అమ్మతో వాదించలేదు. 14వ రోజున ఆశా కార్యకర్త రావలసి ఉంది కదా, ఆవిడ వచ్చినప్పుడు అమ్మ ఎదురుగానే అన్నీ అడిగాను. కూతురు చెప్తే విననిది ఆవిడ చెప్తే వింది. కాఫీ గ్లాసు పోయి చెంబు వచ్చింది, కాచిన నీళ్ళే, పోనీ. గుడ్డు మాత్రం బారసాల అయ్యాకే అంది. పప్పుకు అసలు ఒప్పుకోలేదు. చివరికి పెసరకట్టు అయితే సరేనంది. పెసరకట్టు పప్పు కాదట.

గుణుపురం పిన్ని:
కాదనే అనుకోనీ. నువ్వు వడ్డించేటప్పుడు గరిటె గిన్నె అడుగు దాకా పోనీ.