సబ్‌వూఫర్: ఎర్ర లైటు, హమ్మింగ్, బేస్ సున్నా. ఆంప్లిఫయర్ పోయినట్టేనా?

కూకట్‌పల్లి_థియేటర్
సాయంత్రం నుంచి దీంతోనే కుస్తీ, ఇంట్లో వాళ్లు భోజనానికి పిలిచి పిలిచి ఊరుకున్నారు. 15 అంగుళాల సీల్డ్ సబ్ (బేస్ కోసం విడిగా ఉండే స్పీకర్, గాలి రంధ్రం లేని పెట్టె, ఆంప్ అందులోనే), హై ఎండ్‌ది, 1000 వాట్స్ ఆర్‌ఎంఎస్ (నిరంతరం ఇచ్చే పవర్ అని కంపెనీ లెక్క). సినిమా మధ్యలో టప్‌మని శబ్దం వచ్చింది, అంతే, బేస్ పోయింది. ఆపి వేస్తే ఎర్ర లైటు వస్తోంది కానీ పచ్చగా మారదు, ఒక్కోసారి మారినా సన్నగా బుయ్‌మని హమ్మింగ్ తప్ప ఏమీ లేదు. ఏవీఆర్‌లో (హోమ్ థియేటర్ రిసీవర్) సెట్టింగులన్నీ తిరగేశాను, కేబుల్ మార్చాను, ఆటో నుంచి ఆల్వేస్ ఆన్‌లోకి పెట్టాను, ఫ్యూజు బాగానే ఉంది. ఇంత డబ్బు పోసిన సబ్ కూడా ఇలా పోతే ఇక హై ఎండ్ అని దేన్ని చూసి నమ్మాలి? రిపేరు చేయించాలా, అమ్మేసి వేరేది కొనాలా? ఆదివారం చుట్టాలు వస్తున్నారు, కాస్త తొందరగా చెప్పండి.

సోల్డర్_సత్తి
మోడల్? ఎన్ని వోల్టుల సెట్టు?

కూకట్‌పల్లి_థియేటర్
అమెరికన్ కంపెనీ అండీ, మోడల్ నంబరు వెనకాల ఉంది, జరిపి చూడాలి, 50 కిలోల పైనే ఉంటుంది. వోల్టేజి అందరిళ్లలో వచ్చేదే.

బేస్_భక్తుడు
బ్రదర్, ముందు మీ హాలు కొలతలు చెప్పండి. చాలామంది సబ్ పోయిందనుకుంటారు, నిజానికి వాళ్లు కూర్చున్న చోట బేస్ ఉండదు. 16 అడుగుల గది అయితే 35 హెర్ట్జ్ దగ్గర మొదటి మోడ్ (గోడల మధ్య శబ్దం నిలబడిపోయే ఫ్రీక్వెన్సీ) వస్తుంది, గది మధ్యలో కూర్చుంటే అక్కడ గొయ్యే, ఎన్ని వాట్లు పోసినా పూడదు. సబ్‌ని సోఫా మీద పెట్టి, మీరు గోడల వెంబడి పాకుతూ వినండి, ఎక్కడ బేస్ సమంగా వినిపిస్తే అక్కడే సబ్ పెట్టాలి. లక్షల సబ్‌ని తప్పు చోట పెడితే చిన్న సబ్ కన్నా అన్యాయంగా మోగుతుంది, ఈ మాట ఈ గ్రూపులో ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు.

కూకట్‌పల్లి_థియేటర్
అన్నా, శబ్దమే రావట్లేదు. 50 కిలోలది సోఫా ఎక్కించి పాకమంటారేంటి.

సోల్డర్_సత్తి
సిగ్నల్ కేబుల్ పూర్తిగా పీకి ఆన్ చెయ్. హమ్ ఉందా?

కూకట్‌పల్లి_థియేటర్
పీకినా ఉంది.

సోల్డర్_సత్తి
అయితే గ్రౌండ్ లూప్ కాదు. ఆంప్ లోపలిదే.

గుంటూరు_కెపాసిటర్
సత్తి అన్నది కరెక్టు. కేబుల్ పీకితే పోయే హమ్ బయటిది, సెట్‌టాప్ బాక్సు కోయాక్స్ నుంచో ఎర్తింగ్ నుంచో వస్తుంది, ఎక్కువగా 50 హెర్ట్జ్. పీకినా ఉండిపోయేది, కాస్త గరుకుగా 100 హెర్ట్జ్ దగ్గర వినిపించేది పవర్ సప్లయి ఫిల్టర్ కెపాసిటర్ల (చార్జి నిలవ చేసి కరెంటును సాఫీ చేసే భాగాలు) పని. సబ్ వెనక పలకకి బిగించే ఈ ప్లేట్ ఆంప్‌ల జాతకమే అంత. గాలాడని చెక్కపెట్టెలో బిగిస్తారు, వెనకాల 15 అంగుళాల కోన్ రోజూ దాన్ని కుదుపుతుంటుంది, పైగా స్టాండ్‌బైలో 24 గంటలూ కరెంటు ఉంటుంది. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలని రాసున్న కెపాసిటర్‌కి ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. 65 డిగ్రీల్లో నడిస్తే 32,000 గంటలు, అంటే మూడున్నరేళ్లు దాటి కొన్ని నెలలు. మీరు వినండి వినకపోండి, ప్లగ్ పెట్టి ఉంటే ఆ లెక్క నడుస్తూనే ఉంటుంది. కొన్ని బోర్డుల మీద కెపాసిటర్లు కదలకుండా గోధుమరంగు జిగురు వేస్తారు, ఏళ్లు గడిచేకొద్దీ వేడికి అది నల్లబడి కరెంటును లీక్ చేస్తుంది, పక్కనున్న పార్టుల లోహపు కాళ్లను తినేస్తుంది. ధర చూసి లోపల ఇవేవీ ఉండవనుకోకండి.

పాత_వాల్వు
అందుకే మొదట్నుంచీ మొత్తుకుంటున్నా, ఈ క్లాస్ డి డిజిటల్ ఆంప్‌లు వద్దని. మంచి క్లాస్ ఏబీ (పాత పద్ధతి ఆంప్), ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే ముప్పై ఏళ్లు చూడక్కర్లేదు. ఇంకో మాట, 1000 వాట్స్ ఆర్‌ఎంఎస్ అనేది అసలు లేనే లేదు. వోల్టేజికి ఆర్‌ఎంఎస్ ఉంటుంది, కరెంటుకి ఉంటుంది, పవర్‌కి ఉండేది సగటు.

మెజర్‌మెంట్_మామ
క్లాస్ డి అంటే డిజిటల్ కాదు గురువుగారూ, ఆంప్ డిజైన్లకి వరసగా పెట్టిన అక్షరాల్లో సి తర్వాత డి, అంతే. క్లాస్ ఏబీలో 1000 వాట్లు తీస్తే ఆ వేడికి సబ్ మీద దోశ పోసుకోవచ్చు. అయినా హై ఎండ్ సబ్‌ని వాట్లతో కొలవకూడదు. సీఈఏ-2010 (సబ్‌లను కొలిచే అమెరికన్ స్టాండర్డ్) లెక్కలు చూడాలి, 20 నుంచి 63 హెర్ట్జ్ దాకా ఒక్కో ఫ్రీక్వెన్సీలో చిన్న చిన్న బర్స్టులు పంపి, డిస్టార్షన్ హద్దు దాటకుండా ఎన్ని డీబీ ఇస్తుందో కొలుస్తారు. 10 డీబీ తేడా అంటే పవర్ పదింతలు. 40 హెర్ట్జ్‌లో ఎంత మోగిందో 20లోనూ అంతే మోగాలంటే సీల్డ్ పెట్టెలో కోన్ నాలుగింతలు కదలాలి. అక్కడ తెలుస్తుంది ఎవరి బండారం ఏంటో.

పాత_వాల్వు
2010 నాటి పాత స్టాండర్డ్ పట్టుకుని వచ్చారా.

మెజర్‌మెంట్_మామ
2010 ఏడాది కాదండీ, నంబరు. అది వచ్చింది 2006లో. కానీ ఒకటి ఒప్పుకుంటాను, ఆ బర్స్టులు క్షణంలో అయిపోతాయి. రెండు గంటల సినిమాలో ఆంప్ వేడెక్కితే ఏమవుతుందో, పదేళ్ల తర్వాత బతికి ఉంటుందో లేదో ఆ లెక్క చెప్పదు.

పాత_వాల్వు
నేను అన్నదీ అదే.

మెజర్‌మెంట్_మామ
మీరు అన్నది అది కాదు.

గుంటూరు_కెపాసిటర్
ఆంప్ మన్నిక చూడాలంటే నేను మూడు అడుగుతాను. విడి ప్లేట్ ఆంప్ అమ్ముతారా, ఆగిపోయిన మోడళ్లకి కూడా ఇస్తున్నారా, ఇండియాలో ఎవరైనా ఆ బోర్డు ముట్టుకుంటారా. ఇంకా వెనకాల ఫ్యూజు రేటింగ్ చూస్తే సరదాగా ఉంటుంది. 120 వోల్టులకి 5 ఆంప్స్ ఫ్యూజు పెట్టి 1000 వాట్స్ నిరంతరం అని రాస్తే నమ్మొద్దు, 600 దాటి లోపలికే పోదు. క్షణం పాటు ఇస్తుంది, సినిమాకి అదే చాలు, అది వేరే విషయం.

సోల్డర్_సత్తి
120 అంటే గుర్తొచ్చింది. సెట్టు ఎక్కడ కొన్నావ్? ఇక్కడా, అమెరికాలోనా?

కూకట్‌పల్లి_థియేటర్
మా బావమరిది న్యూజెర్సీ నుంచి వచ్చేటప్పుడు కంటైనర్‌లో తెచ్చాడు. 120 వోల్టులది. మన 230ని 120కి తగ్గించే కన్వర్టర్ పెట్టే వాడుతున్నాను, నేరుగా పెట్టేంత తెలివితక్కువవాణ్ని కాదు.

సోల్డర్_సత్తి
ఏ కన్వర్టర్?

కూకట్‌పల్లి_థియేటర్
ఇంతకుముందు ఇనుప డబ్బా లాంటిది ఉండేది, 1000 వీఏ (వోల్ట్-ఆంపియర్), మోయలేక చచ్చేవాళ్లం. ఈ ఫ్లాట్‌కి మారినప్పుడు దాన్ని పాత ఓనరుకే వదిలేశాం. ఇప్పుడుంది చిన్నది, అరచేతిలో పడుతుంది, దాని మీద 1600 వాట్స్ అని రాసుంది. అంటే పాతదానికన్నా ఎక్కువే కదా. మీటర్ పెట్టి చూశాను, 120 దగ్గరే చూపించింది.

సోల్డర్_సత్తి
పీకెయ్. ఇప్పుడే.

గుంటూరు_కెపాసిటర్
అయ్యో, ఇది మొదటి పోస్టులోనే ఉండాల్సిన మాటండీ. అరచేతిలో పట్టే 1600 వాట్లది ట్రాన్స్‌ఫార్మర్ కాదు, ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌తో కరెంటు అలని కోసి సగటు తగ్గించేది. ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్ లాంటి వేడిచేసే వాటికే పనికొస్తుంది, ప్యాకెట్ మీద కూడా ఎలక్ట్రానిక్స్‌కి వాడొద్దని చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి. మీటర్‌లో 120 కనిపించినా కోసిన అల శిఖరం మాత్రం 300 వోల్టుల దాకా ఉంటుంది. అసలైన 120లో శిఖరం 170. సబ్ లోపలి పవర్ సప్లయి చార్జయ్యేది శిఖరానికే. 170 వస్తుందని 200 వోల్టుల కెపాసిటర్ వేసినవాడు ఏం చేస్తాడు? ఆ టప్ అదే అయ్యుంటుంది. ఫ్యూజు బాగుందంటే కరెంటు ఎక్కువ లాగలేదనే అర్థం, వోల్టేజి నుంచి అది కాపాడదు.

పాత_వాల్వు
చూశారా, ఆర్‌ఎంఎస్‌కీ శిఖరానికీ తేడా అంటే అందరూ నవ్వారు.

మెజర్‌మెంట్_మామ
ఎవరూ నవ్వలేదు సార్. మీరు మాట్లాడింది పవర్ గురించి.

కూకట్‌పల్లి_థియేటర్
కన్వర్టర్ పెట్టి రెండు నెలలు బాగానే మోగింది మరి? అయినా ఇప్పుడేం చేయాలి, డ్రైవరూ (కోన్ ఉన్న స్పీకరు) పోయిందా? విప్పి చూడనా?

గుంటూరు_కెపాసిటర్
ప్లగ్ పీకినా లోపల పెద్ద కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది, అలవాటు లేకపోతే బోర్డు ముట్టుకోవద్దు. డ్రైవర్ వరకు చూడొచ్చు: వైర్లు ఆంప్ నుంచి విడదీసి, 1.5 వోల్టుల సెల్‌తో ఒక్క క్షణం తాకిస్తే కోన్ మెల్లగా కదలాలి, మీటర్‌లో 4 ఓమ్‌ల డ్రైవర్ అయితే 3 నుంచి 3.5 మధ్య చూపించాలి. అది బాగుంటే సగం డబ్బు మిగిలినట్టే. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఇనుముదే తెచ్చుకోండి, 1000 వీఏకి తగ్గకుండా.

బేస్_భక్తుడు
ఆంప్ ఎందుకు బాగుచేయడం, క్రౌన్ లాంటి ప్రో ఆంప్ ఒకటి బయట పెట్టి డ్రైవర్‌కి నేరుగా ఇచ్చేయండి, 230దే దొరుకుతుంది, ఫ్యాన్ కూడా ఉంటుంది.

గుంటూరు_కెపాసిటర్
ఇస్తే ఆ డ్రైవర్ కూడా పోతుంది. ఆ పెట్టెకి తగ్గ ఈక్యూ (ఫ్రీక్వెన్సీల సర్దుబాటు), లిమిటర్ (హద్దు దాటకుండా ఆపేది) అన్నీ పాత ప్లేట్‌లోనే ఉన్నాయి. డీఎస్‌పీ (ఆ పనులు చేసే డిజిటల్ ప్రాసెసర్) పెట్టి, మైకుతో కొలిచి చేసుకునే ఓపిక ఉంటేనే ఆ దారి.

బేస్_భక్తుడు
మైకు ఎలాగూ కొంటారు కాబట్టి గది కూడా కొలిచేయొచ్చు.

కూకట్‌పల్లి_థియేటర్
సెల్ పెట్టి చూశా, కోన్ కదిలింది. ఆంప్ ఊడదీసి కోఠి గుజరాతీ గల్లీలో ఇచ్చి వచ్చాను. రెండు కెపాసిటర్లు ఉబ్బాయంట, ఇంకేదో ఐసీ కూడా పోయిందంట, దొరికితే ఫోన్ చేస్తానన్నాడు. చుట్టాలు టీవీ శబ్దంతోనే సినిమా చూసి వెళ్లారు, ఎవరికీ తేడా తెలియలేదు. సరే, థ్యాంక్స్.

సోల్డర్_సత్తి
మోడల్ నంబరు చెప్పలేదు.