మగ్గం వర్కు సామాను ఆన్‌లైన్‌లో కొనేముందు అమ్మేవారి గురించి ఏమేమి చూసుకోవాలి?

ప్రశ్న (భీమవరం నుంచి)

అందరికీ నమస్కారం. నేను ఇంటి దగ్గర నా జాకెట్లకూ, మా బంధువుల జాకెట్లకూ మగ్గం వర్కు చేస్తుంటాను. ఇది నాకు వ్యాపారం కాదు, ఇష్టంగా చేసుకునే పని. ఆరీ సూదులు, మామూలు పూసలు, చమ్కీలు మా ఊళ్లోనే దొరుకుతాయి గానీ, జర్దోసీ, నక్షీ (స్ప్రింగులా చుట్టిన సన్నని లోహపు తీగలు), కట్ దానా (కోసిన గాజు పూసలు) కావలసిన రంగుల్లో దొరకవు. వాటికోసం ప్రతిసారీ విజయవాడ వన్‌టౌన్ దాకా వెళ్లడం కుదరదు.

ఈమధ్య ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ తరచుగా కనిపిస్తోంది. స్టాండుతో సహా ఫ్రేము, అసలు జరీ, సిల్కు దారం రీళ్లు, పూసల డబ్బాలు అన్నీ కలిపి బజారు ధరలో మూడోవంతుకే ఇస్తామని, శ్రావణమాసం ఆఫరు ఈ రాత్రితో ముగుస్తుందని చెబుతున్నారు. వాట్సాప్‌లో అడిగితే క్యాష్ ఆన్ డెలివరీ లేదని, మొత్తం సొమ్ము ఒక ఫోన్ నంబరుకు యూపీఐలో పంపితేనే ఆర్డరు తీసుకుంటామని అన్నారు. జీఎస్టీ నంబరు ఉన్న పాత బిల్లు ఫొటో పంపారు. పేజీకి వేలమంది ఫాలోయర్లు ఉన్నారు. పంపవచ్చునా?

జవాబు (సికింద్రాబాద్ నుంచి, బొటిక్ నడుపుతున్నాను)

నమస్కారమండి. దయచేసి ఈ రాత్రి పంపకండి. నిజంగా సరుకు ఉన్న వ్యాపారి రేపు ఉదయం కూడా అమ్ముతాడు.

ముందుగా ఆ "అసలు జరీ" మాట చూడండి. అసలు జరీలో వెండి తీగ ఉంటుంది, దానికి బంగారు పూత వేస్తారు. ఇమిటేషన్ జరీలో రాగి తీగ ఉంటుంది. మనం రోజూ వాడే మెటాలిక్ జరీ పాలియెస్టర్ పొరతో చేసినది. మన పనికి చివరి రెండూ సరిపోతాయి, వాటిని వాటి పేరుతోనే అమ్మేవారు సూరత్‌లోనూ బేగంబజారులోనూ ఎందరో ఉన్నారు. కాని వెండి తీగ ఉన్న జరీని ఒక కిట్టులో పెట్టి మూడోవంతు ధరకు ఇస్తామనేవారు సరుకు గురించి తెలియనివారైనా కావాలి, మనకు తెలియదని అనుకునేవారైనా కావాలి. సిల్కు దారం సంగతీ అంతే. మగ్గానికి అమ్మే రీళ్లలో ఎక్కువభాగం విస్కోస్ లేదా పాలియెస్టర్. చిన్న ముక్క కాల్చి చూస్తే పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది.

అడగవలసినవి మరికొన్ని ఉన్నాయి. పూసలు ఎన్ని గ్రాములు, ఏ సైజు, రీలులో ఎన్ని మీటర్లు, ఫ్రేము కొలత ఎంత అని అడగండి. రోజూ ఈ సరుకు తూచి అమ్మే మనిషి వెంటనే చెబుతాడు. తరువాత, ఆ కిట్టును మీ పేరూ ఈరోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి చిన్న వీడియో తీసి పంపమనండి. ఇతరుల ఫొటోలు ఎత్తుకొచ్చి పెట్టినవారు ఆ పని చేయలేరు. ఫాలోయర్ల సంఖ్యను నేను లెక్కలోకి తీసుకోను, ఎందుకంటే దాన్ని డబ్బిచ్చి కొనుక్కోవచ్చు.

జవాబు (హైదరాబాద్ నుంచి, బ్యాంకు ఉద్యోగం చేసి విరమించాను)

పైవారు సరుకు గురించి చక్కగా చెప్పారు. నేను డబ్బు గురించి చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు.

మన అనుమతి లేకుండా ఖాతా నుంచి సొమ్ము పోతే, మన తప్పేమీ లేనప్పుడు, మూడు పనిదినాల లోపల బ్యాంకుకు తెలిపితే ఖాతాదారుకు నష్టం రాకుండా చూడాలని రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఆదేశించింది. కాని మీరే పిన్ నొక్కి మీరే పంపిన సొమ్ముకు ఈ రక్షణ వర్తించదు. అందువల్ల జాగ్రత్త అంతా పిన్ నొక్కే ముందే పడాలి. సొమ్ము పంపేముందు తెర మీద కనిపించే ఖాతాదారు పేరు చదవండి. దుకాణం పేరు ఒకటై, బిల్లులో యజమాని పేరు మరొకటై, ఖాతా వేరెవరిదో అయితే అక్కడే ఆగిపోవడం మంచిది. క్రెడిట్ కార్డుతో చెల్లించే వీలుంటే, సరుకు రానప్పుడు బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్ (చెల్లించిన సొమ్ము వెనక్కి) అడిగే దారి ఒకటి మిగులుతుంది.

బిల్లులోని జీఎస్టీ నంబరును ఫొటోలో చూసి వదలకండి. జీఎస్టీ వెబ్‌సైటులో లాగిన్ లేకుండానే ఆ 15 అక్షరాల నంబరు కొట్టి వెతకవచ్చు. అక్కడ యజమాని పేరు, దుకాణం పేరు, రిజిస్ట్రేషను ఇంకా అమలులో ఉన్నదో లేదో కనిపిస్తాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, గుజరాత్‌కు 24. సూరత్ నుంచి పంపుతున్నామంటూ 36తో మొదలయ్యే నంబరు చూపిస్తే కారణం అడగాలి. వేరొకరి నిజమైన నంబరును తమ బిల్లు మీద అచ్చువేసుకునేవారు కూడా ఉంటారు కాబట్టి పేర్లు కలిశాయో లేదో తప్పకుండా చూడండి.

ఒకవేళ ఎవరికైనా సొమ్ము పోయి ఉంటే, తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. దొంగలు సొమ్మును గంటల వ్యవధిలో ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మార్చేస్తారు, ఆ దారిలో ఎక్కడైనా ఆపగలగడం ఫిర్యాదు ఎంత త్వరగా అందిందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. డబ్బు తిరిగి ఇస్తాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి అని ఎవరైనా అంటే అది రెండో దోపిడీ. డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు.

జవాబు (కరీంనగర్ నుంచి)

ఒక్క మాట చేర్చాలనిపించింది. నేను ఇంట్లోనే పూసల లేసులు అల్లి అమ్ముతాను. నాకు జీఎస్టీ రిజిస్ట్రేషను లేదు, నా అమ్మకానికి అది అవసరమూ లేదు. నేనూ యూపీఐలోనే తీసుకుంటాను. కాబట్టి జీఎస్టీ నంబరు లేకపోవడం ఒక్కటే చూసి మోసమని తేల్చవద్దని అందరినీ కోరుతున్నాను. మాలాంటివారి దగ్గర మొదటిసారి కొనేవారు చిన్న ఆర్డరు ఇచ్చి చూడవచ్చు, వీడియో కాల్‌లో సరుకు చూపించమనవచ్చు. నిజాయితీగా అమ్మేవారు ఎవరూ దానికి నొచ్చుకోరు. పార్సిల్ పంపాక నేను స్పీడ్ పోస్టు నంబరు ఇస్తాను. దాన్ని తపాలా శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. రసీదు ఫొటో మాత్రమే పంపి, ట్రాకింగ్ నంబరు అడిగితే మాట దాటవేసేవారిని అనుమానించాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వీడియో అడిగాను, ఇంతవరకు జవాబు రాలేదు, సొమ్ము పంపడం మానుకున్నాను. మరొక సందేహం. క్యాష్ ఆన్ డెలివరీ ఉన్న చోట కొంటే భయం లేనట్టేనా?

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

పూర్తిగా కాదండి. పార్సిల్ వచ్చిందన్న హామీ ఉంటుంది గాని, చాలాచోట్ల డబ్బు ఇచ్చాకే విప్పనిస్తారు. లోపల తక్కువ గ్రాములు ఉండవచ్చు, వేరే రంగు ఉండవచ్చు. అందుకని చిరునామా చీటీ కనిపించేలా విప్పడం మొదలుపెట్టి, చివరిదాకా ఆపకుండా ఒకే వీడియో తీయండి. పూసల ప్యాకెట్లను చింపకముందే వంటింటి త్రాసు మీద తూచి, ఆ అంకె కూడా వీడియోలో పడేలా చూడండి. తేడా వస్తే ముందు అమ్మినవారికి రాతపూర్వకంగా తెలపండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం వారి ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పి, నెలలోపు పరిష్కరించాలి. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. కేసు దాకా వెళ్లవలసి వస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవారి ఊరికి వెళ్లనక్కరలేదు, మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు.