చలిజ్వరానికి నేలవేము కషాయం: మీ ఇళ్లలో పనిచేసిందా?

ఉదయగిరి రైతు:
పోయిన నెల మా నాయనకు చలిజ్వరం. దుర్గం కింద ఉండే యానాది పెద్దాయన నేలవేము తెచ్చిచ్చాడు. కాచి పోశాం. తెల్లారేసరికి ఒళ్లు చల్లబడింది, లేచి చేలోకి కూడా పోయాడు. మూడో రోజు మధ్యాహ్నం మళ్లీ వణుకు, మూడు దుప్పట్లు కప్పినా ఆగలా. రక్తపరీక్షలో వైవాక్స్ మలేరియా అని తేలింది. మరి ఆ ఒక్కరోజు నేలవేము పనిచేసినట్టా, కాదా?

కందుకూరు కోడలు:
మా అత్తమ్మ ఏడాకుల పాల చెక్క కాచి పోసేది అన్నా. మామకు తగ్గేది, మళ్లీ వచ్చేది. రోజు విడిచి రోజు జ్వరం అనేవాళ్లు.

ల్యాబ్ తమ్ముడు, నెల్లూరు:
వైవాక్స్ తీరే అది అన్నా. 48 గంటలకొకసారి ఎర్ర రక్తకణాలు పగిలి పరాన్నజీవులు బయటికొస్తాయి, అప్పుడే వణుకు. మధ్య రోజు మందు తాగినా తాగకున్నా ఒళ్లు చల్లగానే ఉంటుంది. ఆ రోజు ఏది తాగితే పేరు దానికొస్తుంది. అందుకే ఒంటి వేడి కాదు, గాజు పలక మీద రక్తం చూడాలి. 1880లో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో ఆ జీవిని కనిపెట్టాకే ఈ దారి తెరుచుకుంది.

బాటనీ మాస్టారు, కావలి:
ఏడాకుల పాలను 19వ శతాబ్దంలో మలేరియా మందు క్వినైన్‌కు బదులుగా వాడి చూశారమ్మా, నిలబడలేదు. సింకోనా చెట్టు బెరడు నిలబడింది. 1820లో పారిస్‌లో పెల్లెటియే, కావంటూ అందులోంచి క్వినైన్‌ను విడదీశారు. చెక్కపొడిలో ఒక్కో చెట్టుకు ఒక్కో బలం, విడదీశాకే మోతాదు కుదిరింది.

నాకు బాగా ఇష్టమైంది చైనా కథ. వియత్నాం యుద్ధంలో సైనికులు మలేరియాతో పడిపోతుంటే 1967లో 523 పేరుతో రహస్య పరిశోధన మొదలైంది. తూ యూయూ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం పాత వైద్య గ్రంథాలెన్నో గాలించారు. చింగ్‌హావ్ మొక్క రసం ఒకసారి పనిచేస్తే ఇంకోసారి చేయలేదు. 4వ శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ మాత్రం గుప్పెడు ఆకు నీళ్లలో నానబెట్టి, పిండి తాగమన్నాడు. కాచమనలేదు! వేడికి మందు చెడుతోందని ఆమెకు తట్టింది. 35 డిగ్రీలకే మరిగే ఈథర్ అనే ద్రవంతో రసం తీశారు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లో పరాన్నజీవిని పూర్తిగా తుడిచేసింది. రోగులకిచ్చే ముందు ఆమె తానే తాగింది. 2015లో నోబెల్ వచ్చింది. మన మాచిపత్రి ఆ జాతిదే గానీ ఆ మొక్క కాదు, పొరబడొద్దు.

ఉదయగిరి రైతు:
అయితే నేలవేము కాచకుండా పిండితే, మాస్టారూ?

బాటనీ మాస్టారు, కావలి:
వద్దయ్యా. నేలవేములో ఉన్నది వేరే పదార్థం. అసలు చింగ్‌హావ్ ఆకు టీనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది. మోతాదు చాలకపోతే బతికిన పరాన్నజీవి మందుకు లొంగకుండా తయారవుతుంది. పెద్దాయన్ని తక్కువ చేయడం లేదు, గె హోంగ్ మాట కూడా అలాంటివాళ్ల నుంచి వచ్చిందే అయ్యుంటుంది.

ల్యాబ్ తమ్ముడు, నెల్లూరు:
నాయనకు క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు ఇచ్చుంటారు. రెండోది పూర్తిగా మింగాడా? కాలేయంలో దాక్కున్నవి దానికే చస్తాయి.

కందుకూరు కోడలు:
మామ జ్వరం పోయిందని నాలుగు రోజులకే ఆపేశాడు. మూడు నెలలకు మళ్లీ పడ్డాడు.

ఉదయగిరి రైతు:
ఇప్పుడే అలమారు చూశా. ఎనిమిది మాత్రలు అట్టే ఉన్నాయి. పొద్దున్నే నాయన్ని తీసుకొని పీహెచ్‌సీకి పోతా.