అప్‌డేట్: ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో ఆనర్స్ చేయాలా అని అడిగింది నేనే

మూడేళ్లకే డిగ్రీ పట్టుకుని బయటపడాలా, నాలుగో ఏడూ చదివి ఆనర్స్ చేయాలా అని అడిగాను కదా, చేరిపోయాను. మూడేళ్లకు 120 క్రెడిట్లు, ఆనర్స్‌కి 160. రీసెర్చ్‌తో ఆనర్స్‌కి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి, నాకు 71 దగ్గరే ఆగింది, అది వదిలేశా.

పలాసలో మా మావయ్య జీడి ఫ్యాక్టరీ లెక్కల్ని కంప్యూటర్లోకి ఎక్కించడమే నా ప్రాజెక్టు. పిక్కలు వచ్చేది 80 కిలోల బస్తాల్లో, పప్పు వెళ్లేది కిలోల్లో, దానికి మళ్లీ 240, 320 అని గ్రేడ్లు (పౌండు బరువుకి సుమారు ఎన్ని పప్పులో అదే నంబరు). మావయ్య నోటుబుక్కులో ఒకే వ్యాపారి పేరు మూడు రకాలుగా ఉంది! అవి సరిచేయడానికే రెండు వారాలు. ప్రైమరీ కీ (ఒక్కొక్కరికీ వేరే ఎవరికీ లేని ఒక గుర్తింపు నంబరు లాంటిది) అని మా సార్ ఎందుకంత గొంతు చించుకున్నారో ఇప్పుడర్థమైంది. అప్పుడు జావా (ప్రోగ్రామింగ్ భాష) నేర్చుకోమన్నవాళ్లకి థాంక్స్, అదింకా మొదలెట్టలేదు.