మేడ మీద నీడ గడియారం: పుల్ల నిటారుగా పెట్టాలా, వంచాలా?

ప్రశ్న (నెల్లూరు): పాప సైన్స్ ఫెయిర్ అయ్యాక కూడా మేడ మీద ఉంచుకునేలా నీడ గడియారం చేద్దామనుకుంటున్నాం. పుల్ల నిలువుగా పాతితే చాలా? ఫోన్ టైముతో కలుస్తుందా?

జవాబు (ఒంగోలు): నిలువుగా వద్దన్నా. అలా పెడితే అదే గంటకి నీడ నెలనెలా వేరే దిక్కులో పడుతుంది. కడ్డీని సరిగ్గా ఉత్తరానికి తిప్పి, మీ అక్షాంశం ఎంతో అంత కోణంలో పైకి ఎత్తాలి. నెల్లూరుకి సుమారు 14.4 డిగ్రీలు, అంటే దాదాపు పడుకున్నట్టే. జైపూర్ జంతర్ మంతర్‌లో ఉన్న పెద్ద నీడ గడియారం, సమ్రాట్ యంత్రానిదీ ఇదే కిటుకు, అక్కడ 27 డిగ్రీలు.

జవాబు (కావలి): గంటల గీతలు గీసే పలక నేలకి సమంగా పెడితే మన వైపు మధ్యాహ్నం గీతలు ఇరుకైపోతాయి. 12కీ 1కీ మధ్య 4 డిగ్రీలు కూడా రాదు, 5కీ 6కీ మధ్య 47 వస్తుంది. నా మాట విని పలకని కడ్డీకి లంబంగా బిగించండి, గంటకి 15 డిగ్రీలు, అన్నీ సమానం. గీతలు రెండు వైపులా గీయాలి, ఎందుకంటే మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా ఎండ పై ముఖం (ఉత్తరం వైపుది) మీద, మిగతా కాలం కింది ముఖం (దక్షిణం వైపుది) మీద పడుతుంది. ఉత్తరం కనుక్కోడానికి సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథంలోని పద్ధతి బాగుంటుంది: నిలువు పుల్ల చుట్టూ వృత్తం గీసి, పొద్దున, సాయంత్రం నీడ కొన దాన్ని తాకిన రెండు చోట్లని కలిపితే తూర్పు పడమర వచ్చేస్తుంది, దానికి లంబంగా గీస్తే ఉత్తరం.

జవాబు (ఒంగోలు): టైము సంగతి. ఫోన్‌ది 82.5 రేఖాంశం లెక్క, మనం 80 దగ్గర, కాబట్టి నీడ గడియారం ఫోన్ కంటే 10 నిమిషాలు వెనక. ఇది కాక, ఏడాదిలో సూర్యుడి టైమే కాస్త అటూ ఇటూ అవుతుంది: ఫిబ్రవరి మధ్యలో ఇంకో 14 వెనక, నవంబరు మొదట్లో 16 ముందు (ఆ 10 తీసేస్తే ఫోన్ కంటే 6 ముందు). ఈ తేడాలు పట్టికగా గడియారం పక్కనే రాయించండి.