అమెరికా ఆసుపత్రుల్లో మన పెద్దవారికి దుబాసీలుగా పిల్లలే ఉండాలా?

డాలస్ శ్రీను:
మా అమ్మగారికి ఇంగ్లీషు రాదు. వచ్చే నెలలో ఆమెను గుండె వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ (దుబాసీ) కావాలా అని ఆసుపత్రివారు అడిగితే, నేను పక్కనే ఉంటాను కనుక అక్కరలేదని చెప్పాను. మా చెల్లెలు అది తప్పంటోంది. ఫోనులో ఎవరో పరాయి మనిషి చెప్పేదానికన్నా కన్నకొడుకు చెప్పేదే అమ్మకు అర్థమవుతుందని నా నమ్మకం. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

పలాసవాడు:
శ్రీను గారితో ఏకీభవిస్తున్నాను. మా నాన్నగారిది ఉద్దానం. అక్కడ కారణం తేలని మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్ళను కుంగదీసిందో, మా ఇంట్లో ఎవరెవరికి వచ్చిందో దుబాసీకి తెలియదు. నాకు తెలుసు కనుక వైద్యునికి చెప్పగలిగాను. పైగా వైద్య దుబాసీలకు ధ్రువపత్రాలిచ్చే ఇక్కడి జాతీయ సంస్థలు స్పానిష్, మాండరిన్ వంటి కొద్ది భాషలకే ఆ భాషలో మౌఖిక పరీక్ష పెడుతున్నాయి. తెలుగుకు అటువంటి పరీక్ష లేదు. అలాంటప్పుడు ఫోనులో వినిపించే గొంతును ఏ భరోసాతో నమ్మాలి?

రాత్రిపాళీ నర్సు:
తెలుగుకు మౌఖిక పరీక్ష లేకపోవడం నిజమైన లోపమే, దాన్ని సరిదిద్దమని మనమే గట్టిగా అడగాలి. కానీ కొడుకు మాటకు కూడా పరీక్ష లేదు కదా. ఆసుపత్రి గదుల్లో నేను మళ్ళీ మళ్ళీ చూసేది భాష రాకపోవడం కాదు, ప్రేమ అడ్డురావడం. వైద్యుడు క్యాన్సర్ అని చెబితే, అమ్మ తట్టుకోలేదేమోనని పిల్లలు దానిని చిన్న గడ్డగా మార్చి చెబుతారు. ఆ తల్లి తనకు తెలియని జబ్బుకు చేసే చికిత్సకు ఒప్పుకుంటూ సంతకం పెడుతుంది. గర్భసంచి జారిందనో, మూత్రం ఆగడం లేదనో కొడుకు ఎదుట నోరు విప్పలేక, ఏళ్ళ తరబడి అవస్థపడిన తల్లులను చూశాను. ఇంట్లో తనను ఎవరైనా బాధపెడుతున్నారా అన్న ప్రశ్నకు, ఆ ఇంటివారి నోటి ద్వారా నిజం ఎలా బయటకు వస్తుంది?

చట్టం కూడా ఇదే దారిలో ఉంది. ప్రభుత్వ నిధులు అందుకొనే ఆసుపత్రి అర్హతగల దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలని, దుబాసీని వెంట తెచ్చుకోమని రోగిని అడగరాదని 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం (ఒబామాకేర్) 1557వ సెక్షన్ కింద చేసిన నిబంధనలు చెబుతున్నాయి. మైనరు పిల్లలచేత ఆ పని చేయించడం అత్యవసరంలో, అదీ దుబాసీ దొరికేవరకే. 2025 మార్చిలో ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటించిన అధ్యక్ష ఉత్తర్వు, ఇంగ్లీషు సరిగా రానివారికి కూడా ప్రభుత్వ సేవలు అందేలా చూడమన్న 2000 నాటి 13166వ ఉత్తర్వును రద్దు చేసిందే తప్ప ఈ చట్టం జోలికి పోలేదు. కాబట్టి ఇక హక్కు పోయిందని ఎవరూ వెనక్కు తగ్గనక్కరలేదు.

హ్యూస్టన్ కోడలు:
ఫోనులోని అనువాద యాప్ సరిపోదా? మా అత్తగారి డిశ్చార్జి కాగితాలను దానితోనే చదివి వినిపించాము.

రాత్రిపాళీ నర్సు:
మందు మోతాదు ఉన్న కాగితానికి అది చాలదమ్మా. కచ్చితత్వం తప్పనిసరైన పత్రాలను యంత్రం అనువదిస్తే, అర్హతగల మనిషి సరిచూడాలని అదే 1557వ సెక్షన్ కింద 2024లో చేసిన నిబంధన. ఆ కాగితాన్ని ఆసుపత్రికే తిరిగి ఇచ్చి, దుబాసీచేత చదివించమని అడగండి.

పలాసవాడు:
క్యాన్సర్ విషయంలో మీరన్నది కాదనలేను. కానీ పిల్లలను గది బయట కూర్చోబెడితే, ఇంటి వ్యాధుల చరిత్ర ఎవరు చెబుతారు? ఇందులో నా మాట మార్చుకోను.

రాత్రిపాళీ నర్సు:
బయట కూర్చోమని నేననలేదు. ఉద్దానం సంగతి, వాడుతున్న మందులు, బంధువుల జబ్బులు ముందే ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి వైద్యునికి ఇవ్వండి. మీరు కొడుకుగా పక్కన ఉండండి, దుబాసీ తప్పు చెబితే అక్కడికక్కడే ఆపండి. శ్రీను గారూ, అపాయింట్‌మెంట్ కార్యాలయానికి ఈ వారమే ఫోను చేసి, అమ్మగారి రికార్డులో ఆమె భాష తెలుగు అని నమోదు చేయించండి. ఆమె కోరితే మహిళా దుబాసీని అడగండి. వైద్యునితో ఆమె కొంతసేపు ఒంటరిగా మాట్లాడే వీలు కూడా కల్పించండి.

డాలస్ శ్రీను:
రేపే ఫోను చేస్తాను. ఒంటరిగా మాట్లాడాలని ఉందా అని మాత్రం చెల్లెలిచేత అమ్మను అడిగిస్తాను, నాకైతే లేదనే చెబుతుంది.