మొసాదెగ్ కాదు, మొసద్దెగ్: ఆ ఒత్తులోనే అర్థముంది

ఇరాన్‌లో చమురు జాతీయం కావడానికి ముందు నిలిచి, వెంటనే ప్రధాని కూడా అయిన మహమ్మద్ మొసద్దెగ్ పేరు తెలుగులో ఎలా రాయాలని ఒక మిత్రుడు ఇక్కడ అడిగారు. మొసాదెగ్, ముసాదిక్ అని రకరకాలుగా కనిపిస్తోంది. నేనైతే మొసద్దెగ్ అనే రాస్తాను. ద కింద ఒత్తు పోతే పేరులోని అర్థమే పోతుంది.

మూలం అరబ్బీ ధాతువు స-ద-క. నిజం అని అర్థం. సాదిక్ అంటే నిజం పలికేవాడు. ముందు ‘ము’ చేరి నడిమి హల్లు ద్విత్వమైతే ముసద్దిక్, అంటే ‘ఇది నిజమని ధ్రువీకరించేవాడు’ అవుతుంది. కలకూ కల్లకూ తేడా తెలిసిన మనకు ఇది వేరే చెప్పాలా! గుళ్లకు సర్కారు ఇచ్చే ‘తస్దీకు’ (అంటే ధ్రువీకరణ) భత్యం పేరు కూడా ఈ ధాతువు నుంచి వచ్చిందే. ఉర్దూలో ధ్రువీకరించిన నకలును ‘ముసద్దఖా నకల్’ అంటారు.

అసలు మొసద్దెగ్ అనేది ఆయనకు పుట్టినప్పుడు పెట్టిన పేరు కాదు. తండ్రి అప్పట్లో ఇరాన్‌ను ఏలిన ఖజారు రాజుల కొలువులో ఆర్థిక వ్యవహారాలు చూసిన అధికారి. తండ్రి పోయాక షా, అంటే రాజు, ఈ అబ్బాయికి ‘మొసద్దెగ్-ఒస్-సల్తనె’ అని బిరుదిచ్చాడు, అంటే రాజ్యానికి ధ్రువీకర్త. కుర్రవాడిగా ఉండగానే ఖొరాసాన్ రాష్ట్రపు పన్నుల లెక్కలు ఆయన చేతికొచ్చాయి. 1925లో బిరుదులు రద్దయి అందరూ ఇంటిపేరు పెట్టుకోవలసి వచ్చినప్పుడు ‘సల్తనె’ను వదిలేసి ముందు సగం ఉంచుకున్నారు. అప్పటి ప్రధాని రెజా ఖాన్‌ను షా చేయడాన్ని మజ్లిస్‌లో (ఇరాన్ పార్లమెంటులో) నిలబడి వ్యతిరేకించిందీ ఆ ఏడాదే. నాకు ఆ పేరు మీద గౌరవం పెరిగింది అక్కడే. నిజమని తోచనిదానికి ఆయన తస్దీకు చేయలేదు.

1951 మార్చిలో చమురు జాతీయమైంది, ఏప్రిల్‌లో ఆయన ప్రధాని అయ్యారు. 1953 ఆగస్టు 19న అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థల అండతో జరిగిన కుట్రలో పదవి పోయింది. మూడేళ్ల జైలు, ఆ తర్వాత అహ్మదాబాద్ అనే పల్లెలో గృహనిర్బంధం. 1967లో కన్నుమూస్తే ఆ ఇంట్లోనే ఒక గదిలో సమాధి చేశారు.

— ఇంకొకరి ప్రశ్న: చివర గ్ ఎందుకండీ? తస్దీకులో క ఉందిగా?

రెండుచోట్లా అక్షరం ఒకటేనండీ. ఇరానీయుల నోట అది గ-కు దగ్గరగా పలుకుతుంది, మన దగ్గర క అయింది. పేరు వాళ్లది కాబట్టి వాళ్ల పలుకే ఉంచుదాం. హ్రస్వ ఎ, ఒ మన లిపిలో ఉన్నాయి కాబట్టి ‘మొ’, ‘దె’ కూడా వాళ్లు పలికినట్టే రాయగలం. అన్నట్టు, గుమాస్తా అనే అర్థంలో వాడే మన ‘ముసద్దీ’కి దీనితో చుట్టరికం లేదు. అది ‘ముతసద్దీ’ నుంచి వచ్చింది, ధాతువే వేరు.